ఊచ దగ్గరే పూసిన అగ్నిశిఖ

పూల లెక్కల రిజిస్టర్ రాసే ఆయన ఆ గంటలో మూడో టీ తాగుతున్నాడు. నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు.

గోడ గడియారంలో పన్నెండూ పది. సాయంత్రం ఐదింటికి ఈ ఆఫీసు వంటామెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణించి ఆవిడ జైలుకి పోతుంది. జైలుకి పోయిన మనిషిని వెనక్కి తేవాలంటే ఎన్ని నెలలు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. కేసు హత్య. చనిపోయింది ఈ పూల సర్వే ఆఫీసు పెద్ద, అందరూ మాస్టారు అని పిలిచే మనిషి. పోయిన మంగళవారం ఒంటిగంటకి ఇక్కడే భోంచేశాడు. నలభై నిమిషాల్లో వాంతులు మొదలయ్యాయి. శుక్రవారం తెల్లవారేసరికి ఆసుపత్రిలో పోయాడు. ఒంట్లో అగ్నిశిఖ దుంప విషం ఉందని నిన్న ల్యాబు రిపోర్టు వచ్చింది. వచ్చిన గంటలో వంటామెను పట్టుకుపోయారు.

ఆవిడ కూతురు బట్టలు కుడుతుంది. నిన్న సాయంత్రం మెడలో కొలత టేపు తీయకుండానే మా ఇంటికొచ్చి కూర్చుంది. “మా అమ్మ పదిన్నరకి వెళ్తుంది మేడమ్. వండుతుంది, ఒంటిగంటకి వడ్డిస్తుంది, గిన్నెలు కడిగి మూడింటికి ఇంటికొస్తుంది. పదేళ్లుగా ఇంతే. చీమకి కూడా హాని చెయ్యదు.” చీమ సంగతి నాకు అనవసరం. పదిన్నర అన్న మాట మాత్రం రాసుకున్నాను. పోలీసు ల్యాబులో విషాల బల్ల దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేసిన దాన్ని. అగ్నిశిఖ గురించి నాకు తెలిసిన మొదటి సంగతి, దానికి తొందర లేదు. మింగిన నలభై నిమిషాల్లో అది ఎవరి చేతా వాంతి చేయించదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఈ ప్రైవేటు విచారణల్లోకి దిగాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేది మా అమ్మ. నేను తొక్కుతూనే ఉన్నాను. ఇప్పుడు కడుక్కుందామని వంగితే మోకాళ్లు వంగడం లేదు.

“మంగళవారం మీరు ఎన్నింటికి వచ్చారు?” అని అడిగాను.

“తొమ్మిదికి. రోజూ తొమ్మిదే.” రిజిస్టర్ ఆయనకి నలభై దాటి ఉంటాయి. ప్రతి జవాబుకీ ముందు ఒక గుక్క తాగడం అలవాటు.

“అప్పటికి మాస్టారు ఎలా ఉన్నారు?”

“మామూలుగానే. ‘వచ్చావా నాయనా’ అన్నారు. ఆయన అందరినీ నాయనా అనేవారు, జీపుని కూడా.”

“రాత్రిళ్లు ఇక్కడే పడుకునేవారట కదా.”

“వెనక గదిలో. భార్య పోయాక ఇల్లు ఖాళీ చేసేశారు. పొద్దున ఆరింటికి కషాయం తాగి, ఏడింటికి గుట్ట ఎక్కి, ఎనిమిదిన్నరకి దిగేవారు.”

“ఏం కషాయం?”

“మోకాళ్ల నొప్పులకి. ఏదో పొడి. చేదు విషం...” అని నాలిక కరుచుకున్నాడు. “అంటే, మాటవరసకి.”

“మీరు తాగి చూశారా?”

“ఒకసారి ఇచ్చారు. మూడు రోజులు నోరు నోరులా లేదు.”

“ఎవరు కాచేవారు?”

“ఆయనే కాచుకునేవారనుకుంటా. ఆ టైములో ఇక్కడ ఇంకెవరుంటారు?”

ఆ ‘అనుకుంటా’ దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. నా బుర్ర అప్పటికే కషాయం గిన్నెలో ఉంది. అగ్నిశిఖ దుంప కటిక చేదు. దాన్ని కూరలో కలిపితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. రోజూ చేదు తాగే మనిషికి, చేదులో కలిపి ఇస్తే, ఎలా తెలుస్తుంది?

“మధ్యాహ్నం భోజనం?”

“నేను, డ్రైవరు, ఆయన. ముగ్గురం కలిసే తిన్నాం. ఆయనకి బీపీ. ఉప్పు లేని కూర వేరే చిన్న గిన్నెలో వండుతుంది ఆవిడ. పోలీసులు దాన్నే పట్టుకున్నారు.”

ఫోను తీసి ఒక ఫొటో చూపించాను. పొద్దున్న ఆసుపత్రి రికార్డు గదిలో గంటన్నర నిలబడి సంపాదించింది అది. కేసు షీటులో నాలుగో పేజీ, అడుగున నర్సు చేతిరాత. “చదవండి.”

చదివాడు. కప్పు కింద పెట్టాడు.

“‘పదకొండు నుంచి కడుపులో తిప్పుతోందన్నారని వెంట వచ్చిన వ్యక్తి చెప్పారు.’ వెంట వెళ్లిన వ్యక్తి మీరే కదా?”

“నేనే.”

“పదకొండుకే తిప్పడం మొదలైతే ఒంటిగంట భోజనం ఎలా చంపింది?”

“నాకేం తెలుసు మేడమ్? నేను లెక్కలు రాసేవాణ్ణి.”

“ఈ ముక్క పోలీసులకి ఎందుకు చెప్పలేదు?”

“అడగలేదు.”

నిజమే అయి ఉంటుంది. ఈ కేసు చూస్తున్న మా ఇన్‌స్పెక్టరు గారు నాలుగో పేజీ దాకా పోయే రకం కాదు. మా అంటున్నానంటే నిజంగానే మా. ఆయన నా భర్త తమ్ముడు, నాకు స్వయానా మరిది. ఆ ముచ్చట తర్వాత.

వంటగదిలోకి వెళ్లాను. అన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి, గోడకి తగిలించిన గుడ్డతో సహా అంతా శుభ్రం. పొయ్యి పక్కన అలమరలో రెండో అరమీద గుండ్రటి మచ్చ ఉంది, ఏళ్ల తరబడి ఒక డబ్బా కూర్చున్న చోటు. డబ్బా లేదు. ఎక్కడుందని అడిగితే రిజిస్టర్ ఆయన భుజాలు ఎగరేశాడు. “పొడి డబ్బా అక్కడే ఉండేది. పోలీసులు పట్టుకెళ్లారేమో.” పోలీసులు పట్టుకెళ్లిన వస్తువుల జాబితా నా దగ్గరుంది. అందులో ఉప్పు లేని కూర గిన్నె ఉంది, గరిటె ఉంది, చివరికి చీపురు కూడా ఉంది. డబ్బా లేదు.

ఒంటిగంటకి గుట్ట ఎక్కాను.

ఎర్ర గరుకు నేల, నడుమెత్తు ముళ్లకంపలు, నీరు నిలవని రాళ్ల సందులు. అగ్నిశిఖకి ఇలాంటి చోటే కావాలి. వానకి తడవాలి, తడిసిన నీరు వెంటనే జారిపోవాలి, పాకడానికి పక్కన ఎవరిదో ఒక కంప ఉండాలి. తనంతట తాను నిలబడే బలం దానికి లేదు. ఆకు కొసే మెలి తిరిగి పక్కమొక్కను పట్టుకుంటుంది. వానలు వెనకబడగానే పైనున్నదంతా ఎండి రాలిపోతుంది, దుంప మాత్రం నేలలో పడుకుని మళ్లీ వానకి లేస్తుంది. ఇప్పుడు పూలన్నీ విచ్చి, రేకులు వెనక్కి మడిచి నిలబడ్డాయి, కింద పసుపు, పైన ఎరుపు. ఇరవై ఆరేళ్లు దీన్ని సీసాల్లో, పొట్లాల్లో, మనుషుల కడుపుల్లోంచి తీసిన ముక్కల్లో చూశాను గానీ నేల మీద పూసి ఉండగా చూడటం ఇదే మొదటిసారి. బావుంది. మెచ్చుకునే ఓపిక లేదు.

ప్రతి మొక్క మొదట్లో ఒక ఇనుప ఊచ, ఊచకి నంబరు కొట్టిన రేకు. పదేళ్ల క్రితం లెక్క మొదలుపెట్టిన రోజు పాతినవట. తుప్పు చూస్తే నిజమే అనిపించింది. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పోయాను. దాదాపు ప్రతి ఊచ పక్కనా పువ్వు ఉంది, తరగతిలో హాజరు పలికే పిల్లల్లా. నలభై ఒకటో ఊచ దగ్గర చతికిలబడ్డాను. మోకాళ్లు ఇక చాలన్నాయి.

కూర్చున్నాక తోచింది. ఈ పూలు ఊచల దగ్గర ఎందుకున్నాయి?

అది అనుమానమా, అలసటా అని తేల్చుకోవడానికి వంటగది నుంచి తెచ్చుకున్న అట్లకాడ తీశాను. కాపాడాల్సిన మొక్కను తవ్వడం నేరమే. పట్టుకునే ఓపిక ఉన్నవాడెవడైనా వచ్చి పట్టుకోమనండి. ముందు ఊచ లేని మొక్క ఎక్కడైనా ఉందా అని వెతికితే ఇరవై అడుగులు పైన, కంపల లోపల, ఒంటరిగా ఒకటి కనిపించింది. ముళ్లు గీరుకుంటూ దాని మొదలు తవ్వాను. బొటనవేలూ చూపుడువేలూ చాపినట్టు రెండు పాయల కొత్త దుంప. దాని వెనక పోయినేటి దుంప, సారం లాగేసుకోగా మిగిలిన తోలు. ఆ తోలు వెనక, ఇంకా పాతది, చిదిమితే మట్టైపోయింది. ప్రతి ఏడూ పాయ కొసనే మొలక లేస్తుంది, అక్కడే కొత్త దుంప ఊరుతుంది. అంటే ఈ మొక్క కూర్చున్న చోట కూర్చోదు, రెండేళ్లలో జానెడు నడిచింది. పదేళ్లకి దాదాపు నాలుగడుగులు పోవాలి.

కిందికి దిగి నలభై ఒకటి తవ్వాను. దుంప ఉంది, ఊచకి బెత్తెడు దూరంలో. వెనక పాత తోలు లేదు. పాయకి ఒక పక్క కత్తితో కోసిన అంచు, నున్నగా. చుట్టూ మట్టి వదులుగా ఉంది. మట్టిలో నల్లగా సన్నటి రవ్వ. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. వాడేసిన టీపొడి. యాభై ఆరు తవ్వాను, డెబ్భై తవ్వాను. రెండింటిలోనూ అదే కోత, అదే టీపొడి.

ఎవరో ప్రతి ఏడూ వీటిని తెచ్చి ఊచల దగ్గర నాటుతున్నారు. ఊచకి ఎదురుగా, నంబరు తప్పకుండా, ఎరువుగా ఇంత టీపొడి వేసి మరీ. మొక్క నడుస్తుందన్న సంగతి తెలియని మనిషి చేసిన పని ఇది. లేదా, నడిచిన మొక్కను తెచ్చి మళ్లీ దాని నంబరు దగ్గర కూర్చోబెట్టే మనిషి.

రెండూ ఇరవైకి ఆఫీసులో ఉన్నాను. “రిజిస్టరు ఇలా ఇవ్వండి.”

“అది బయటికి పోకూడదు.”

“నేనే లోపలికి వచ్చాను కదా. ఇవ్వండి.”

ఇచ్చాడు. మొదటి మూడేళ్లూ లెక్క తగ్గుతూ వచ్చింది: నూట ముప్పై ఒకటి, నూట పద్దెనిమిది, నూట మూడు. నాలుగో ఏడు ఒక్కసారిగా నూట పన్నెండు. ఆ తర్వాత ఏడేళ్లూ నూట పన్నెండు, నూట పదకొండు, నూట పన్నెండు. ప్రాణమున్నది ఏదీ ఇంత బుద్ధిగా ఉండదు.

“లెక్క వంద కంటే తగ్గితే ఏమవుతుంది?”

“ఆఫీసు ఎత్తేస్తారు,” అన్నాడు. “గుట్టకి కాపలా అక్కర్లేదని రాసేస్తారు. కంకర క్వారీ వాళ్లు కింద రోడ్డు దాకా వచ్చి కాచుక్కూర్చున్నారు.”

“మీ ఉద్యోగం?”

గుక్క తాగబోయి ఆగాడు. కప్పు ఖాళీ. “ఉద్యోగం ఏముంది మేడమ్, పోతుంది.”

బల్ల కింద చెత్తబుట్టలో చూశాను. సగం దాకా వాడేసిన టీపొడి. నేను చూడటం ఆయన చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బుట్టని కాలితో లోపలికి తోశాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

* * *

“వదినా, ఆదివారం ఇంటికి రా, నీకిష్టమైనవన్నీ చేయిస్తాను,” అన్నాడు మా మరిది. “స్టేషనుకి మాత్రం రాకు. వచ్చినప్పుడల్లా నాకు ఒక ఫైలు తిరగరాసే పని పడుతుంది.”

“మొదటిసారే సరిగ్గా రాస్తే ఆ పని ఉండదు.”

ఇన్‌స్పెక్టరు గది. మూడూ యాభై. వరండాలో బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది, కూర్చోమని సైగ చేశాను.

“విను,” అన్నాను. “ఒకటి. ఈ విషం నలభై నిమిషాల్లో పని చెయ్యదు. గంటలు పడుతుంది, మామూలుగా అయిదారు. ఆయనకి పదకొండుకే కడుపులో తిప్పడం మొదలైంది. ఇదిగో నాలుగో పేజీ. పదకొండు నుంచి వెనక్కి లెక్కేసుకో. ఐదు, ఆరు. ఆరింటికి ఆయన తాగింది కషాయం.”

ఫొటోని అటూ ఇటూ తిప్పి చదివాడు. మొహం మాడ్చుకున్నాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. చిన్నప్పుడు లెక్క తప్పితే కూడా ఇలాగే పలక తుడిచేవాడని మా అత్తగారు చెప్పేవారు.

“ఇదే నా కేసుకి ఎసరు పెట్టేదీ,” అన్నాడు. “సరే. ఒప్పుకున్నాననుకో. కషాయంలో ఎవరు కలిపారు?”

“అది రెండో సంగతి. గుట్ట మీద పూలు అడవి పూలు కావు.” ఊచలూ, కత్తి కోతా, టీపొడీ, ఏడేళ్ల లెక్కా అన్నీ చెప్పాను. మధ్యలో ఒకసారి కూడా అడ్డు రాలేదు. అది మా మరిదిలో నేను మెచ్చుకునే ఒకే ఒక గుణం, అదీ అరుదుగా కనిపిస్తుంది.

“మూడు,” అన్నాను. “మాస్టారు పూలు తెలిసిన మనిషి. మొక్క నడవకపోతే ఎప్పుడో ఒకరోజు ఆయనకి అనుమానం రాకుండా ఉండదు. వచ్చింది. నాటేది ఎవరో పట్టుకున్నాడు. పై ఆఫీసుకి రాస్తే ఆ నాటే మనిషి బతుకు బజారున పడుతుంది. నాటే మనిషికి దుంపలు చేతిలోనే ఉన్నాయి, ఆఫీసులోకి రాకపోకలున్నాయి, కషాయం టైము తెలుసు. నాటినవాణ్ణి పట్టుకో, చంపినవాడు దొరుకుతాడు.”

“రిజిస్టర్ వాడా?”

“టీపొడి బుట్టని కాలితో తోసింది నేనా?”

“తొమ్మిదికి కదా వస్తాడు.”

“వస్తానని చెప్పాడు. ఎవరు చూశారు?”

“ఇంకెవరైనా...”

“వంటామె మాత్రం కాదు. పదిన్నర ముందు ఆవిడ అక్కడ లేదు. ఐదుకీ ఆరుకీ మధ్య ఆ వంటగదిలో నిలబడిన మనిషి కావాలి నీకు.”

మరిది కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంట్లో అన్నయ్య నీతో ఎలా వేగాడో,” అన్నాడు. కాసేపు కాగితాలు సర్దాడు. “చూడు వదినా, నీ మాట మీద వదిలేశానంటే నా నెత్తిన పడుతుంది. ల్యాబు మనిషివి కాబట్టి రాసివ్వు. మూడు పాయింట్లూ. సంతకం, టైము. దాన్ని పెట్టి ఆవిడ్ని ఇప్పుడే వదిలేస్తాను, ఐదు దాకా కూడా ఆగను.”

రాశాను. విషం పొద్దున ఐదుకీ ఆరున్నరకీ మధ్య, కషాయంలో వెళ్లిందని. గుట్ట మీద పూలను ఒక మనిషి రహస్యంగా నాటుతున్నాడని. ఆ నాటే మనిషికీ, ఆ టైములో వంటగదిలో ఉన్న మనిషికీ తేడా లేదని నా నమ్మకమని. గీతల కాగితం మీద నా చేతిరాత బాగా వంకరపోయింది. సంతకం పెట్టి నాలుగూ ఇరవై రెండు అని వేశాను. వరండాలోకి తల పెట్టి కూతురుతో “అయిపోయిందమ్మా” అన్నాను. ఆ పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నాకు ఎవరూ అలా కృతజ్ఞత చెప్పలేదు, సంతోషమేసింది.

వంటామెను లోపలి నుంచి తీసుకొచ్చారు. యాభై అయిదేళ్ల మనిషి. సన్నగా ఉంది, రాత్రంతా కూర్చునే ఉన్నట్టుంది. ముంజేతుల మీద పొడుగాటి గీతలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లకి కాలిన మచ్చలుంటాయి. ఇవి కాలినవి కావు. గీరుకున్నవి. నా చేతుల మీద కూడా అవే గీతలున్నాయి, మూడు గంటల క్రితం కంపల్లో పడ్డవి.

ఆవిడ్ని ఇప్పుడు మాట్లాడనివ్వకూడదనిపించింది. నోరు తెరిచేలోగా మరిది అడిగేశాడు.

“ఇంటికి పంపించేస్తున్నామమ్మా. కాగితం నింపాలి. మంగళవారం ఆఫీసుకి ఎన్నింటికి వెళ్లావు? పదిన్నరకేగా?”

“ఐదున్నరకి,” అంది ఆవిడ.

“అమ్మా,” అంది గుమ్మంలోంచి కూతురు, గట్టిగా కాదు.

“పొద్దున ఐదున్నరకా?”

“రోజూ అంతే బాబూ. వంట పదిన్నరకి మొదలెడతాను.”

“ఆగండమ్మా,” అన్నాను. “మీరు అలసిపోయి ఉన్నారు. ఇప్పుడు ఏమీ చెప్పక్కర్లేదు. లాయరు...”

“అలసటేనమ్మా. అందుకే చెప్పేస్తున్నాను. ఏడేళ్లయింది దాస్తూ.” బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. “గుట్టకి మా ఆయన కాపలా. నాలుగో ఏడు పందులు పడి దుంపలు తవ్వేశాయి. లెక్క తప్పితే క్వారీ వస్తుందన్నారు. మా వీధి గుట్ట కిందే కదమ్మా. బాంబులు పేలిస్తే మా గోడలు నిలుస్తాయా? అవతలి వాగు ఒడ్డున ఉన్న దుంపలు తెచ్చి మా ఆయన నాటాడు. ఆయన పోయాక నేను నాటుతున్నాను. పక్కకి జరిగిన వాటిని మళ్లీ వాటి నంబరు దగ్గరే పెడతాను, ఆఫీసు బుట్టలోని టీపొడే ఎరువు. నంబరు తప్పితే మాస్టారుకి లెక్క తప్పుతుంది కదా అని. ఇప్పుడు పూల బరువుకి తీగలు వాలే రోజులు. పట్టు దొరక్కపోతే పడిపోతాయి, కంప ఆసరా పెట్టాలి. అందుకే తెల్లవారకముందే వెళ్తాను.”

మరిది నింపుతున్న కాగితాన్ని పక్కకి జరిపాడు.

“మాస్టారు పట్టుకున్నారా?” అన్నాడు మరిది. గొంతులో గెలిచిన జోరు ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

“నాలుగేళ్ల కిందటే చూశారు. ఏమీ అనలేదు. పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకున్నారు. అప్పట్నుంచీ వాన రోజుల్లో ఆయనే పట్టుకునేవారు. ‘నాయనా, కొంచెం లోతుగా పెట్టు’ అనేవారు.”

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“ఆయనకీ నాకూ.”

“కషాయం ఎవరు కాచేవారు?”

“నేనే. ఆయన గుట్ట మీదకి రాకముందు కాచి ఇచ్చేదాన్ని.”

“మంగళవారం కూడా?”

“మంగళవారం కూడా.”

“పొడి డబ్బా ఏది?” అని నేను అడిగాను. ఎవరో ఒకరు అడగక తప్పదు.

“కడిగేశానమ్మా. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక చేతులు ఊరుకోక అన్నీ కడిగేశాను. మిగిలిన పొడి పారబోసి, డబ్బా ఎండబెట్టి ఇంటికి తీసుకెళ్లాను. సోమవారం అది అడుగంటింది. మంగళవారం మూత తీస్తే నిండుగా ఉంది. మాస్టారు తెప్పించుకున్నారనుకున్నాను.”

సోమవారం సాయంత్రానికీ మంగళవారం ఐదున్నరకీ మధ్య ఆ డబ్బాను ఎవరో నింపారు. ఆ ఎవరో ఇప్పుడు బయట హాయిగా తిరుగుతున్నారు. “విన్నావా?” అన్నాను మరిదితో. “నింపింది ఎవరో చూడాలి. ఆవిడ అబద్ధమాడేదైతే ఐదున్నర అని ఎందుకు చెబుతుంది?”

“విన్నాను. సోమవారం అడుగంటిందని ఎవరు చూశారు? ఆవిడ. మాస్టారుకి ముందే తెలుసని ఎవరు చెప్పాలి? మాస్టారు.” నా కాగితాన్ని ముందుకి లాక్కుని మెల్లగా, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. “వదినా, నీ మూడు పాయింట్లూ ఒప్పుకుంటున్నాను.”

“ఆ కాగితం ఇటివ్వు.”

“సంతకం పెట్టాక అది నీది కాదు. నీకు నేను చెప్పాలా?”

చెప్పక్కర్లేదు. ఇరవై ఆరేళ్లు ఆ మాట ఎంతోమందికి నేనే చెప్పాను. మధ్యాహ్నం దాకా వాడి చేతిలో ఒక పనికిరాని కేసు ఉంది, ఒంటిగంట భోజనం కేసు. ఏ లాయరైనా పది నిమిషాల్లో చింపేసేవాడు. నాలుగు గంటలు తిరిగి, మోకాళ్లు విరగ్గొట్టుకుని, దానికి టైమూ కారణమూ చేతినిండా దుంపలూ సమకూర్చి పెట్టింది నేను.

కూతురు నా దగ్గరికొచ్చింది. ఏడవడం లేదు. “పూల సంగతి బయటపడితే అమ్మ పని పోతుందని పదిన్నర అని చెప్పాను,” అంది. “మీరు ఒంటిగంట భోజనం మాట అనుమానించారు. పోలీసుల్ని అనుమానించారు. ఆ రిజిస్టర్ ఆయన్నీ అనుమానించారు. ఒక్క నా మాటే అడక్కుండా నమ్మారు మేడమ్. ఎందుకు నమ్మారు?”

అమ్మ కోసం వచ్చిన కూతురు కదా అని నమ్మాను. అంతకంటే ఏముంది?

ఐదుకి పది నిమిషాలు ఉండగా వంటామెను వ్యాను ఎక్కించారు. మెట్టు ఎత్తుగా ఉంటే కానిస్టేబులు చెయ్యి అందించాడు. ఫైలు ఇన్‌స్పెక్టరు చంకలో ఉంది. అందులో అన్నిటికంటే పైన ఉన్న కాగితం నాది.